కరిచింది ఎవరింటి కుక్క?

ఫరీదాబాద్ సెక్టార్లలో పొద్దున్నే నడకకు వెళ్లేవాళ్లకు రెండు రకాల కుక్కలు ఎదురవుతాయి. ఇనుప గేటు వెనుక గొలుసుతో కట్టేసి ఉన్నది ఒకటి. దాని తరఫున 'కుత్తే సే సావధాన్' అనే బోర్డు మాట్లాడుతుంది. గేటు బయట, నిలిపి ఉంచిన కారు కింద ముడుచుకు పడుకున్నది రెండోది. మొదటిదానికి పేరుంది, జాతి ఉంది, ఖరీదుంది. రెండోదానికి ఇవేవీ లేవు. మనిషిని కరిచిన రోజున కూడా ఈ తేడా చెక్కుచెదరదు. రెండోది కరిస్తే 'వీధికుక్కల దాడి' అంటారు. మొదటిది కరిస్తే పెద్దక్షరాల్లో దాని జాతి వస్తుంది. యజమాని సంగతి చివరి పేరాలో వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

కుక్క మనిషిని కరిస్తే వార్త కాదు, మనిషి కుక్కను కరిస్తేనే వార్త అని జర్నలిజం విద్యార్థులకు తొలి రోజుల్లోనే చెబుతారు. ఢిల్లీ చుట్టుపక్కల ఈ పాఠం ఎప్పుడో చెల్లకుండా పోయింది. యమునకు ఆవలి ఒడ్డున నోయిడా ఫిల్మ్ సిటీలో హిందీ వార్తా చానళ్ల స్టూడియోలున్నాయి. ఈవలి ఒడ్డున ఫరీదాబాద్, ఆరావళి కొండలు దాటితే గురుగ్రామ్, ఢిల్లీని ఆనుకుని అటువైపు ఘాజియాబాద్. అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో, సొసైటీల గేట్ల దగ్గర, పార్కుల్లో ఎక్కడ చూసినా సీసీటీవీ కెమెరాలే. ఒక కుక్క ఎవరిమీదైనా దూకితే ఆ దృశ్యం స్టూడియోకు చేరడానికి ఎంతోసేపు పట్టదు. ఇక సాయంత్రం దాకా అదే పది సెకన్ల దృశ్యం, ఎర్రటి వలయం గీసి, మళ్లీ మళ్లీ. కింద 'ఖూంఖార్ పిట్ బుల్' అనే పట్టీ. ఖూంఖార్ అంటే రక్తపిపాసి అని. మన చానళ్లు కూడా తక్కువ తినలేదు. 'కిల్లర్ డాగ్', 'రక్తం మరిగిన కుక్క' తెలుగు ప్రేక్షకులకు కొత్త మాటలేమీ కావు.

పిట్ బుల్ అనే పేరు ఉత్తరాదిలో ఇంటింటికీ పాకింది 2022లో. ఆ ఏడాది జులైలో లక్నోలో ఒక పిట్ బుల్ తమ ఇంటి పెద్దావిడనే చంపేసింది. ఆమెకు 82 ఏళ్లు, రిటైర్డ్ టీచర్. మనసును కలచివేసే ఘటన, సందేహం లేదు. ఆ తర్వాత కొన్ని వారాలపాటు ఎక్కడ ఏ కుక్క కరిచినా ముందుగా వచ్చిన ప్రశ్న ఒకటే: పిట్ బులా?

ఆగస్టులో గురుగ్రామ్‌లో అదే జరిగింది. ఇళ్లలో పనిచేసే ఒక మహిళ పనికి వెళుతుండగా ఒక ఇంటి కుక్క ఆమెమీద పడి తల, ముఖం చీరేసింది. పోలీసుల ఎఫ్ఐఆర్‌లో పిట్ బుల్ అని రాశారు. పత్రికలూ చానళ్లూ అదే పట్టుకున్నాయి. తీరా చూస్తే అది డోగో అర్జెంటీనో అని యజమాని చెప్పాడు. అర్జెంటీనాలో అడవి పందుల వేట కోసం తయారు చేసిన తెల్లటి కుక్క అది. పిట్ బుల్‌కూ దానికీ మధ్య తేడా తెలియకపోవడం పోలీసుల నేరమేమీ కాదు. కుక్కల జాతులు గుర్తుపట్టడం కానిస్టేబుల్ శిక్షణలో భాగం కాదు, విలేకరి శిక్షణలో అంతకన్నా కాదు. తెలియనప్పుడు 'పెద్ద పెంపుడు కుక్క' అని రాసి ఊరుకోవచ్చు. కానీ ఆ మాటకు శీర్షికలో బరువుండదు.

పైపెచ్చు పిట్ బుల్ అన్నది ఒక్క జాతి పేరు కూడా కాదు. పొట్టి వెంట్రుకలు, వెడల్పాటి తల, కండలు తిరిగిన ఒళ్లు ఉన్న నాలుగైదు రకాల కుక్కలను, వాటి సంకరాలను కలిపి జనం అలా పిలుస్తారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ గుర్తించిన జాతుల్లో అమెరికన్ పిట్ బుల్ టెర్రియర్ లేనే లేదు. రోజూ కుక్కలతోనే గడిపేవాళ్లు సైతం వీటిని గుర్తుపట్టడంలో తడబడతారు. ఫ్లోరిడాలోని నాలుగు సంరక్షణ కేంద్రాల్లో 120 కుక్కలపై జరిగిన అధ్యయనం 2015లో అచ్చయింది. సిబ్బంది వాటిలో 62 కుక్కలను పిట్ బుల్ రకమని చెప్పారు. డీఎన్ఏ పరీక్షలో ఆ వంశం కనిపించినవి 25 మాత్రమే. అక్కడి అనుభవజ్ఞుల పరిస్థితే అది. ఇక పక్కింటివాళ్లు చెబితే పోలీసులు రాసుకుని, పోలీసులు చెబితే విలేకరులు రాసుకున్న జాతి పేరును ఎంతవరకు నమ్మాలి?

అమెరికాలో కుక్క కాటు మరణాలపై 2000లో వెలువడిన పరిశోధనకు ఈ చిక్కు బాగా తెలుసు. 20 ఏళ్లలో 238 మరణాలు, కనీసం 25 జాతుల కుక్కలు. సగానికి పైగా మరణాలకు కారణం పిట్ బుల్ రకాలు, రాట్‌వైలర్లు. నిషేధం కోరేవాళ్లు అంతవరకు చదివి ఆపేస్తారు. లెక్కల్లో కొంత భాగం పత్రికా వార్తల నుంచే వచ్చిందని, కొన్ని జాతుల దాడులు ఇతర జాతుల దాడులకంటే ఎక్కువగా వార్తలకెక్కుతాయని, జాతి గుర్తింపులో పొరపాట్లు సహజమని ఆ పరిశోధకులే హెచ్చరించారు. అంటే పత్రికలు లెక్కలను చూపిస్తాయి, ఆ లెక్కలేమో పత్రికలను చూపిస్తాయి. అలాగని కుక్కల జాతుల మధ్య తేడాయే లేదని వాదించడం కూడా అమాయకత్వమే. పామెరేనియన్ కరిస్తే టీకా వేయించుకుని ఇంటికి రావచ్చు. 40 కిలోల కుక్క పట్టు వదలకపోతే ప్రాణం పోవచ్చు. ఒళ్లు ఎంత బలమైనదో జాతి చెబుతుంది. అది ఎప్పుడు, ఎవరిమీద, ఎందుకు తిరగబడుతుందో చెప్పే శక్తి మాత్రం జాతికి చాలా తక్కువ. 18 వేలకు పైగా పెంపుడు కుక్కల వివరాలు సేకరించి 2022లో 'సైన్స్' పత్రిక ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతికి ఆపాదించగలిగింది సుమారు 9 శాతమే.

దుష్ట పాత్ర వేసే కుక్క తరానికొకటి మారుతూ వచ్చిందన్నది కాస్త వెనక్కి చూస్తే తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ అనే మాటే గిట్టక బ్రిటన్‌లో జర్మన్ షెపర్డ్‌ను ఆల్సేషియన్ అని పిలవడం మొదలుపెట్టారు. పాత పేరు అక్కడ అధికారికంగా తిరిగి రావడానికి 1977 దాకా పట్టింది. మనవాళ్లు ఇప్పటికీ ఆల్సేషియన్ అనే అంటారు, దాని వెనుక ఒక యుద్ధం ఉందన్న సంగతి తెలియకుండానే. 1970లలో ఆ పాత్ర డాబర్‌మన్‌కు దక్కింది. (దాన్ని తయారుచేసినాయన జర్మనీలో పన్నులు వసూలు చేసే ఉద్యోగి. ఆ వృత్తికి తోడుగా ఎలాంటి కుక్క కావాలో ఆయనకు బాగానే తెలిసి ఉండాలి.) 1976లో వచ్చిన 'ది ఓమెన్' సినిమాలో సైతాను కాపలాకు రాట్‌వైలర్లను పెట్టారు. కసాయివాళ్ల పశువులను సంతకు తోలిన కుక్కకు అలా కొత్త ఉద్యోగం వచ్చింది. 1987 జులైలో అమెరికా పత్రిక 'స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్' ముఖచిత్రం మీద కోరలు చాచిన పిట్ బుల్ బొమ్మ వేసి, ఈ కుక్కతో జాగ్రత్త అని రాసింది. ఆటల పత్రిక మరి. దానికి ముందు అదే రకం కుక్క హాలీవుడ్ పిల్లల హాస్య చిత్రాల్లో కంటి చుట్టూ నల్లటి వలయంతో అందరినీ నవ్వించింది.

మీడియా చేయి తిరిగితే కుక్క దశ ఎంతగా మారుతుందో మనకు పక్కదేశం చూసి తెలుసుకోనక్కర్లేదు. 2003లో హచ్ మొబైల్ ప్రకటనలో పిల్లాడి వెంట నడిచిన పగ్ గుర్తుందిగా. దేశమంతా పగ్ కావాలంది. ఎండలకు ఊపిరాడక రొప్పే ఆ చప్పిడి ముక్కు కుక్కపిల్లలు విజయవాడ అపార్ట్‌మెంట్లదాకా వచ్చాయి. రౌడీ ముద్ర కూడా అలాంటి ప్రకటనే. కాకపోతే దానికి వచ్చే కొనుగోలుదారులు వేరు. ఫలానా కుక్కను చూస్తే వీధి వీధంతా హడలిపోతుందని టీవీ రోజూ చెబుతుంటే, వీధిని హడలెత్తించాలన్న సరదా ఉన్నవాడు దాన్నే వెతుక్కుంటూ వెళతాడు. దాన్ని గొలుసుకు కట్టి, జనంతో కలవనివ్వకుండా, రెచ్చగొట్టి మరీ పెంచుతాడు. చట్టం ఎప్పుడో నిషేధించిన కుక్కల పందేలు ఉత్తరాదిలో దొంగచాటుగా సాగుతూనే ఉన్నాయి. జంతువుల హక్కుల కోసం పోరాడే పెటా ఇండియా సంస్థ పిట్ బుల్ వంటి జాతుల పెంపకాన్ని నిషేధించాలని కోరడానికి కారణం కూడా ఆ పందేలే. నిషేధం అడిగేవాళ్లంతా కుక్కలంటే గిట్టనివాళ్లు కారన్నమాట.

చానళ్ల మాట చట్టం దాకా ఎలా నడిచిందో చూడండి. 2022 అక్టోబర్‌లో ఘాజియాబాద్ నగర పాలక సంస్థ పిట్ బుల్, రాట్‌వైలర్, డోగో అర్జెంటీనోలను నిషేధిస్తూ నిర్ణయం తీసుకుంది. నవంబర్‌లో గురుగ్రామ్ వినియోగదారుల ఫోరం, గాయపడిన పనిమనిషికి మధ్యంతరంగా రూ. 2 లక్షలు చెల్లించాలని అక్కడి నగర పాలక సంస్థను ఆదేశిస్తూ, 11 విదేశీ జాతులపై నిషేధం పెట్టమంది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. 'భయంకరమైన' 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి సంతానం కలగకుండా ఆపరేషన్లు చేయించాలని చెప్పింది. ఆ జాబితాను తీరిగ్గా చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. టోసా ఇనూ ఒకచోట ఉంది, జపనీస్ టోసా మరోచోట ఉంది. రెండూ ఒకే కుక్క. టెర్రియర్లు అని మొత్తం వర్గాన్ని గుత్తగా రాసేశారు. ఆ లెక్కన చేతిసంచిలో పట్టే మూడు కిలోల యార్క్‌షైర్ టెర్రియర్ కూడా జాతి భద్రతకు ముప్పే. సంబంధిత వర్గాలను సంప్రదించకుండా జారీ చేశారంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్ 10న ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. తర్వాత కేంద్రం జనం అభిప్రాయాలు అడిగింది. ముందు చేయాల్సిన పని వెనక చేయడం మన శాఖలకు అలవాటే.

ఆ జాబితాలో జర్మన్ షెపర్డ్ లేదు. డాబర్‌మన్ కూడా లేదు. ఈ రెంటి సంగతి హైదరాబాద్‌కు బాగా తెలుసు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన 23 ఏళ్ల ఫుడ్ డెలివరీ కుర్రాడిమీదికి ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ ఉరికింది. భయంతో పరుగెత్తి మూడో అంతస్తు నుంచి కిందపడ్డాడు. కొద్దిరోజులకు ఆస్పత్రిలో ప్రాణం పోయింది. మేలో మణికొండలో మరో డెలివరీ ఉద్యోగి డాబర్‌మన్‌కు భయపడి మూడో అంతస్తు నుంచే దూకి గాయాలతో బయటపడ్డాడు. జర్మన్ షెపర్డ్‌ను నిషేధించాలని అప్పుడు ఏ చానలూ చర్చ పెట్టలేదు. పోలీసు జాగిలంగా, వీఐపీల కంటే ముందు నడిచే కుక్కగా దానికి మంచి పేరుంది. ఆ మంచి పేరు వల్ల ఒక మేలు జరిగింది: అడగాల్సిన ప్రశ్న అడిగారు. కుక్కను కట్టేయకుండా తలుపు ఎవరు తీశారు? కేసు యజమానిమీద పెట్టారు.

ఘాజియాబాద్‌లో 2022 సెప్టెంబర్ నాటి లిఫ్టు వీడియో విషయంలోనూ అంతే. లిఫ్టులో ఒక పిల్లాడిని పెంపుడు కుక్క కరుస్తుంది. వాడు నొప్పితో మెలికలు తిరుగుతుంటాడు. కుక్కను పట్టుకున్న మహిళ అటుకేసి చూసీ చూడనట్టు నిలబడుతుంది. దేశమంతా ఆ వీడియో చూసింది. ఆ కుక్క ఏ జాతిదో ఇవాళ ఎవరినైనా అడిగితే చెప్పలేరు. ఆమె నిలబడిన తీరు మాత్రం అందరికీ గుర్తుంది. కెమెరాలో మనిషి కూడా పడింది కాబట్టి అది మనిషి కథ అయింది. మనిషి కెమెరాకు దొరకని చోట కుక్క జాతి మీదకు పోతుంది నేరం.

దెబ్బతిన్నవాళ్లు ఎవరో చూస్తే మరో సంగతి బయటపడుతుంది. గురుగ్రామ్‌లో పనిమనిషి. బంజారాహిల్స్‌లో డెలివరీ కుర్రాడు. తెల్లవారకముందే గేట్ల మధ్య నుంచి నడిచేది పాలవాడు, పేపర్ కుర్రాడు, కార్లు కడిగేవాడు. ఫరీదాబాద్ సెక్టార్లలోనైనా, కాలువ అవతల లేచిన కొత్త టవర్లలోనైనా, 'కుత్తే సే సావధాన్' బోర్డు హెచ్చరించేది ముఖ్యంగా వీళ్లనే. ఆ ఇంటికి వచ్చే చుట్టానికి ముందే ఫోన్ చేసి కుక్కను కట్టేయమని చెప్పే వీలుంది. పనిమనిషికి ఆ వీలు తక్కువ. పెంపుడు కుక్క కాటు అనేది చాలా సందర్భాల్లో ఒక ఇంటికీ, ఆ ఇంటికి పనికోసం వచ్చే మనిషికీ మధ్య వ్యవహారం. శీర్షికలో 'పిట్ బుల్' అని పెట్టగానే ఇద్దరూ మాయమవుతారు. దూరదేశపు కుక్క ఒక్కటే మిగులుతుంది.

ఏ జాతీ కాని కుక్క కరిచినప్పుడు సంగతి ఇంకోలా ఉంటుంది. 2023 ఫిబ్రవరి 19న హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడిని వీధికుక్కలు చంపేశాయి. తండ్రి వాచ్‌మన్. సీసీటీవీ దృశ్యాలను చానళ్లు ఎన్నిసార్లు వేశాయో లెక్కలేదు. పత్రికల కథనాల ఆధారంగా హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. 2025 జులై 28న సుప్రీంకోర్టు చేపట్టిన కేసు మరీ విచిత్రం. ఢిల్లీలో ఆరేళ్ల పాప రేబిస్‌తో చనిపోవడంపై ఇంగ్లిష్ పత్రికలో వచ్చిన వార్తే అందుకు ఆధారం. ఆ వార్త శీర్షిక 'సిటీ హౌండెడ్ బై స్ట్రేస్, కిడ్స్ పే ప్రైస్'నే కేసు పేరుగా పెట్టుకున్నారు. ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన ఉత్తర్వులో ఢిల్లీతోపాటు నోయిడా, ఘాజియాబాద్, గురుగ్రామ్, ఫరీదాబాద్ పేర్లున్నాయి. వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టాలని, తిరిగి వదలకూడదని చెప్పారు. అన్ని కుక్కలకు షెల్టర్లు ఎక్కడున్నాయని ఊళ్లన్నీ తలలు పట్టుకున్నాయి. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. టీకాలు, ఆపరేషన్లు పూర్తయినవాటిని పట్టుకున్న చోటే వదలవచ్చు. రేబిస్ ఉన్నవాటిని, దూకుడుగా ఉన్నవాటిని వదలకూడదు. ఇక్కడ గమనించాల్సిన మాట 'దూకుడుగా ఉన్నవి'. వీధికుక్క విషయంలో కోర్టు ఆ కుక్క ప్రవర్తన చూడమంది. పెంపుడు కుక్క విషయంలో సర్క్యులర్ దాని వంశం చూడమంది.

2024లో దేశవ్యాప్తంగా నమోదైన కుక్క కాట్లు 37 లక్షలకు పైనే అని కేంద్రం పార్లమెంట్‌కు చెప్పింది. రాష్ట్రాలవారీగా లెక్క ఉంది. కరిచినదానికి యజమాని ఉన్నాడా లేడా అన్నది ఆ అంకెలో కనిపించదు. జాతి సంగతి సరేసరి.

జాబితాల దారిలో ముందు నడిచినవాళ్ల అనుభవం కూడా మన చానళ్లలో పెద్దగా రాదు. బ్రిటన్ 1991లో పత్రికల గగ్గోలు మధ్య హడావుడిగా ప్రమాదకర కుక్కల చట్టం తెచ్చి నాలుగు రకాలను నిషేధించింది. 30 ఏళ్లు గడిచాక, జాబితాలో లేని ఎక్స్ఎల్ బుల్లీ అనే భారీ కుక్క జనాన్ని చంపడం మొదలుపెట్టింది. 2023 డిసెంబర్ 31 నుంచి దాన్నీ జాబితాలో చేర్చారు. కుక్కలను తయారుచేసేవాడికి జాబితా ఒక అడ్డంకి కాదు, పేరు మార్చుకోమన్న సూచన. నెదర్లాండ్స్ కాట్లు తగ్గలేదని గ్రహించి 2008లో తన పిట్ బుల్ నిషేధాన్ని ఎత్తేసింది. ఇక్కడ ఇంకో అనర్థం కూడా ఉంది. నిషేధం వార్త రాగానే తమ కుక్కలను వదిలించుకోవాలని చూసే యజమానులు పెరిగారని జంతు సంరక్షకులు చెప్పారు. గేటు వెనుక ఉన్న కుక్క అలా గేటు బయటికి వస్తుంది. అప్పటినుంచి దాని కాటు వీధికుక్క కాటు.

ఈలోగా పుస్తకాల్లో ఉన్న చట్టాలను అడిగేవాళ్లు లేరు. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017 నుంచి కేంద్రం నిబంధనలున్నాయి. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేయించుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. లక్నో, గురుగ్రామ్ కుక్కలు ఎక్కడ పుట్టాయి, ఎవరు అమ్మారు, వాళ్లకు నమోదు ఉందా అని రోజుల తరబడి సాగిన చర్చల్లో అడిగిన గొంతు వినపడలేదు. తన జంతువు వల్ల ఇతరులకు ప్రమాదం రాకుండా చూసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు, లేదా రూ. 5 వేల వరకు జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో ఆ జరిమానా రూ. 1000 ఉండేది. లిఫ్టులో పిల్లాడిని కరిచిన ఉదంతంలో ఘాజియాబాద్ నగర పాలక సంస్థ వేసిన జరిమానా కూడా రూ. 5 వేలే. రాట్‌వైలర్ పిల్లను ఆ ధరకు ఎవరూ అమ్మరు.